మెడ మీద నలుపు, కాగితం మీద మామూలు షుగరు: ఇన్సులిన్ నిరోధకతపై ఒక కేస్ స్టడీ

చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో ఇంటిపట్టునే ఉండి జాకెట్లు కుట్టే 39 ఏళ్ల మహిళ ఫిబ్రవరి నెలలో ఒక సాయంత్రం తిరుపతిలోని మా క్లినిక్‌కు వచ్చారు. భర్త కొండకు యాత్రికులను చేరవేసే జీపు నడుపుతారు. ఇద్దరు పిల్లలు. ఆమె అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. ఎవరో పోల్చుకునే వీలు లేకుండా కొన్ని సంగతులు మార్చాను గానీ వైద్యానికి సంబంధించిన అంకెలను మార్చలేదు.

ఆమె వచ్చింది షుగరు గురించి కాదు, మెడ వెనుక నలుపు గురించి. "సున్నిపిండి పెట్టి రుద్దినా, నిమ్మచెక్కతో రుద్దినా పోవడం లేదు సార్. చూసినోళ్లు మురికి అనుకుంటా ఉండారు" అన్నారు. జుట్టు పైకెత్తి చూస్తే, రుద్ది రుద్ది చర్మం ఒకచోట ఎర్రగా కందిపోయి ఉంది. దాని చుట్టూ చర్మం మందంగా, మఖ్మల్ గుడ్డ మాదిరి మెత్తగా, మడతల వెంబడి గీతలు లోతుగా కనిపించాయి. చంకల్లోనూ అదే నలుపు ఉంది. మెడ పక్కన వేలాడే చిన్న పులిపిర్లు నాలుగైదు ఉన్నాయి. వైద్యంలో దీన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఇది మురికీ కాదు, చర్మరోగమూ కాదు. రక్తంలో ఇన్సులిన్ చాలాకాలంగా ఎక్కువగా ఉన్నదని చర్మం చెబుతున్న సంగతి. కడుపులో కేన్సర్ ఉన్నవారిలోనూ అరుదుగా ఇటువంటి నలుపు వస్తుంది గనుక నలుపు హఠాత్తుగా వచ్చిందా, బరువు తగ్గారా, నోటి లోపలా అరచేతుల్లోనూ మార్పు ఉన్నదా అని అడిగి చూశాను. అవేవీ లేవు. ఐదారేళ్లుగా మెల్లగా ముదిరిన నలుపు ఇది.

పాత రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో తెచ్చారు. రెండు నెలల కిందట ఒక వైద్య శిబిరంలో చేసిన పరగడుపు షుగరు 98 అని పైనే ఉంది. అడుగున నా చీటీ ఒకటి ఉంది. నాలుగేళ్ల కిందట జ్వరంతో వచ్చినప్పుడు షుగరు పరీక్ష చేయించి, 94 రాగానే "షుగర్ లేదు" అని నేనే రాసి ఇచ్చాను. ఆ రోజు నేను మెడ చూడలేదు, నడుము కొలవలేదు, కాన్పుల చరిత్ర అడగలేదు. అడిగి ఉంటే ఆమెకు నాలుగేళ్లు కలిసివచ్చేవి. ఈ కేసును రాయాలనిపించడానికి ఆ చీటీయే కారణం.

ఈసారి నింపాదిగా అడిగితే బయటపడిన చరిత్ర ఇది. తొమ్మిదేళ్ల కిందట రెండో కాన్పులో ఏడో నెలలో షుగరు ఉందని తేలి, ప్రసవం దాకా ఇన్సులిన్ సూదులు వేసుకున్నారు. బిడ్డ 3.9 కిలోల బరువుతో పుట్టాడు. తర్వాత "షుగరు పోయింది" అని చెప్పి ఇంటికి పంపారు. ప్రసవమైన ఆరు వారాలకు గ్లూకోజ్ తాగించి మళ్లీ పరీక్షించాలని గానీ, ఆపైన ఏటా చూసుకోవాలని గానీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. గర్భంలో షుగరు వచ్చిన స్త్రీలకు ముందుముందు మధుమేహం వచ్చే అవకాశం అది రానివారికంటే ఏడు రెట్లకు పైనే ఉంటుంది గనుక, కాన్పుల వార్డులో ఈ ఒక్క మాట చెప్పి పంపడం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. తండ్రికి మధుమేహం; పుండు మానక కాలి వేళ్లు రెండు తీసేశారు. ఆమెకు నెలసరి 50, 60 రోజులకొకసారి వచ్చి ఎనిమిది, తొమ్మిది రోజులు ఎక్కువగా పోతోంది. గడ్డం కింద వెంట్రుకలు వస్తే దారంతో తీయించుకుంటున్నారు. మధ్యాహ్నం అన్నం తిన్న అరగంటకు కళ్లు మూతలు పడి కుట్టు తప్పుతోందని చెప్పారు. ఈ చివరి లక్షణం నిద్ర చాలనివారికీ, రక్తం తక్కువ ఉన్నవారికీ ఉంటుంది. ఆమెకు ఆ రెండూ ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఎత్తు 152 సెం.మీ., బరువు 61 కిలోలు. బాడీ మాస్ ఇండెక్స్ 26.4. పాశ్చాత్యుల లెక్కలో ఇది కాస్త అధిక బరువు మాత్రమే. మనవారికి 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కించాలి. రక్తపోటు 136/88. నడుము కొలవడానికి నేను టేపు తీయబోతే ఆమె తన సంచిలోంచి కుట్టుపని టేపు తీసి ఇచ్చారు. రోజుకు పదిమంది నడుము కొలిచే మనిషి తన నడుము ఎన్నడూ కొలుచుకోలేదు. సరిగ్గా 36 అంగుళాలు, అంటే 91 సెం.మీ. మన స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని లెక్క. చేతులూ కాళ్లూ సన్నగానే ఉన్నాయి. బరువంతా నడుము దగ్గరే ఉంది.

మన దేహతత్వంలో ఇది కొత్త కాదు. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోనే ప్రచురించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్సూ 22.3. అయితే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పైకి ఒకే తీరుగా కనిపించే రెండు శరీరాల్లో లోపలి కొవ్వు రెట్టింపుకు మించి తేడా ఉందన్నమాట. సన్నగా ఉన్నాను గనుక నాకేమీ లేదనుకునేవారు మా ప్రాంతంలో చాలామంది, వాళ్లలో వైద్యులూ ఉన్నారు.

పరీక్షలు, వాటిని చదివిన తీరు

పరగడుపు షుగరు మళ్లీ 98 వచ్చింది. అక్కడితో ఆగకుండా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 164. ఈ సంఖ్య 140కి లోపల ఉండాలి, 200 దాటితే మధుమేహం. మధ్యలో ఉన్నది మధుమేహానికి ముందుదశ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 శాతం వచ్చింది. దీన్ని నేను పూర్తిగా నమ్మలేదు. ఆమె హిమోగ్లోబిన్ 9.6, ఇనుము నిల్వను సూచించే ఫెరిటిన్ 7. ఇనుము తక్కువైనప్పుడు ఎర్రరక్తకణాలు మామూలుకన్నా ఎక్కువ రోజులు తిరుగుతూ ఉండటంతో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడవచ్చు. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన స్త్రీలలో హిమోగ్లోబిన్ చూడకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇక్కడ గ్లూకోజ్ తాగించి చేసిన పరీక్షే తీర్పు చెప్పింది.

ట్రైగ్లిజరైడ్లు 232, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 118. కాలేయపు ఎంజైమ్ ఏఎల్‌టీ 58, ఏఎస్‌టీ 41. స్కానింగ్‌లో కాలేయానికి మొదటి దశ కొవ్వు. అండాశయాల్లో నీటిబుడగల మాదిరి ఫాలికిల్స్, అంటే అండం పెరిగే చిన్న సంచులు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ బాగానే ఉన్నాయి. వయసు, ఎంజైమ్‌లు, ప్లేట్‌లెట్లు కలిపి వేసే ఫిబ్-4 లెక్క 0.8 వచ్చింది, 1.3కు లోపల ఉంది గనుక కాలేయం గట్టిపడే దశకు పోలేదని ఊరట కలిగింది.

పరగడుపు ఇన్సులిన్ కూడా చేయించాను, 21 వచ్చింది. దాన్ని 98తో గుణించి 405తో భాగిస్తే 5.1 వస్తుంది. 1985లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు రూపొందించిన హోమా లెక్క ఇది. మనవారిలో రెండున్నర దాటితేనే ఇన్సులిన్ నిరోధకత, అంటే కణాలు ఇన్సులిన్ మాట వినకపోవడం, ఉందని అనుమానిస్తాం. అయినా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇన్సులిన్ కొలిచే పద్ధతి ల్యాబుకూ ల్యాబుకూ మారుతుంది, ఖర్చు ఎక్కువ, చికిత్సను అది మార్చదు. ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్‌తో భాగిస్తే ఆమెకు ఆరుకు పైన వచ్చింది; మూడు దాటితేనే లోపల సంగతి సరిగా లేదని అనుమానించవచ్చు. మెడ, నడుము, ఈ భాగహారం చాలు. ఆమెకు పరగడుపు ఇన్సులిన్ చేయించడం తప్పనిసరి కాదు. 98 చూసి "నాకు షుగరు లేదు కదా సార్" అంటున్న మనిషికి లోపల జరుగుతున్నది అంకెల్లో చూపించాలని చేయించాను.

ఒంట్లో జరుగుతున్నది

షుగరు మామూలుగానే ఉండి ఇన్సులిన్ ఇంత ఎందుకుంది? అన్నం తిన్నాక రక్తంలోకి చేరిన గ్లూకోజ్‌ను కండరాల్లోకి పంపడం, కాలేయం సొంతంగా గ్లూకోజ్ వదలకుండా ఆపడం, కొవ్వు కణాల్లోని కొవ్వు కరిగి రక్తంలోకి రాకుండా నిలపడం ఇన్సులిన్ చేసే ముఖ్యమైన పనులు. ఏళ్ల తరబడి ఖర్చుకు మించి తిన్నది చర్మం కింది కొవ్వు పొరలో నిల్వ అవుతుంది. మనవారిలో ఆ పొర ఇముడ్చుకునేది తక్కువ. అది నిండగానే మిగిలిన కొవ్వు పొట్ట లోపల, కాలేయంలో, కండరాల పోగుల్లో పేరుకుంటుంది. అక్కడ చేరిన కొవ్వు నుంచి పుట్టే పదార్థాలు ఇన్సులిన్ సంకేతానికి దారిలోనే అడ్డుపడతాయి. కణాలు దాని మాటను పెడచెవిన పెడతాయి. అప్పుడు క్లోమం రెండింతలు, మూడింతలు ఇన్సులిన్ వదిలి పని జరిపిస్తుంది. అలా జరిపించినంత కాలం పరగడుపు షుగరు 94, 98 అని మామూలుగానే కనబడుతుంది. ఆ మామూలు అంకెను నిలబెట్టడానికి క్లోమం పడుతున్న పాటు షుగరు పరీక్షలో కనిపించదు. కొన్నేళ్లకు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు అలిసిపోయాక షుగరు పెరుగుతుంది. అప్పుడు "కొత్తగా షుగరు వచ్చింది" అంటాం.

ఇంతవరకు చాలామందికి తెలిసినదే. రోగులకూ, వైద్య విద్యార్థులకూ నేను నొక్కి చెప్పేది మరొకటి ఉంది. శరీరంలోని అవయవాలన్నీ ఇన్సులిన్‌కు ఒక్కసారే, ఒకే మోతాదులో చెవిటివి కావు. కండరం వినదు. అండాశయం వింటుంది, మూడింతలు ఇన్సులిన్ అందేసరికి పురుష హార్మోన్లు ఎక్కువగా తయారుచేస్తుంది. అందుకే నెలసరి తప్పుతుంది, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. చర్మంలోని కణాలు వింటాయి; అవసరానికి మించి పెరిగి మెడ నల్లబడుతుంది, పులిపిర్లు లేస్తాయి. మూత్రపిండం వింటుంది, ఉప్పును వదలకుండా పట్టి ఉంచుతుంది, రక్తపోటు పెరుగుతుంది. కాలేయం వింత అవయవం. గ్లూకోజ్ తయారీ ఆపమన్న మాట వినదు గానీ, కొవ్వు తయారుచేయమన్న మాట మాత్రం చక్కగా వింటుంది. ఆ కొవ్వు కొంత కాలేయంలోనే పేరుకుపోతుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి వస్తుంది. దానితోపాటే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, రక్తనాళాల గోడల్లోకి సులువుగా దూరేవిగా మారతాయి. ఈమెకు చర్మవైద్యుడి దగ్గరికి వెళ్తే ఒక జబ్బు, స్త్రీల వైద్యురాలి దగ్గర ఒకటి, స్కానింగ్‌లో ఒకటి, బీపీ చూస్తే ఇంకొకటి అన్నట్టు నాలుగు చీటీలు వచ్చేవి. నాలుగింటికీ మూలం ఒక్కటే.

లండన్ వైద్యుడు హిమ్స్‌వర్త్ 1936లోనే మధుమేహ రోగుల్లో ఇన్సులిన్‌కు స్పందించేవారు, స్పందించనివారు అని రెండు రకాలున్నారని చూపించారు. అయితే రక్తంలో ఇన్సులిన్‌ను నేరుగా, కచ్చితంగా కొలిచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్తలు బెర్సన్, రోసలిన్ యాలో 1960లో ప్రకటించేదాకా అది చేతికందలేదు. అందుకు యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అధిక రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్, గ్లూకోజ్ తేడా అన్నీ ఒకే మూలం నుంచి వస్తున్నాయని అమెరికా వైద్యుడు గెరాల్డ్ రీవెన్ 1988లో ప్రతిపాదించారు. షుగరును కొలవడం ముందు నేర్చుకున్నాం, ఇన్సులిన్‌ను కొలవడం ఎన్నో ఏళ్లకు నేర్చుకున్నాం. ఆ వరుసే మన ఆలోచనలోనూ నిలిచిపోయింది. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, ముందుదశలో ఉన్నవారు 13.6 కోట్లు అని అంచనా. ఆ రెండో సంఖ్యలోని ఒకరు ఈమె.

పళ్లెం, మిషను, నిద్ర

ఆమె దినచర్యను గంటగంటకూ రాయించాను. ఉదయం ఐదుకు లేచి వాకిట్లో ముగ్గు, నీళ్లు, వంట. రెండు చెంచాల చక్కెరతో కాఫీ. తొమ్మిదికి దోసెలు, చెనిక్కాయల చట్నీ. పదకొండుకు టీ, బిస్కెట్లు. రెండున్నరకు అన్నం, పప్పు, చారు, మజ్జిగ. సాయంత్రం బోండాలో మురుకులో. రాత్రి పదిన్నరకు మళ్లీ అన్నం. పెళ్లిళ్ల కాలంలో అర్ధరాత్రి ఒంటిగంట దాకా కుట్టుపని. అంటే నిద్ర నాలుగు గంటలు. ఆరోగ్యంగా ఉన్న యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే వారి గ్లూకోజ్ నియంత్రణ చెడిపోయిందని 1999లో లాన్సెట్‌లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఈమెకు ఆరు రాత్రులు కాదు, ఏళ్లు.

అన్నం ఎంత తింటారంటే "కొంచెమే సార్" అన్నారు. ఇంట్లో బియ్యం కొలిచే స్టీలు గ్లాసును అంగట్లో తూకం వేయించుకుని రమ్మన్నాను. నిండా పోస్తే 160 గ్రాములు తూగింది. మధ్యాహ్నం ఒక గ్లాసు, రాత్రి ముక్కాలు గ్లాసు బియ్యపు అన్నం ఆమె ఒక్కరి వాటా. మేము పరీక్షకు తాగించే గ్లూకోజ్ 75 గ్రాములు. ఆమె మధ్యాహ్నపు పళ్లెంలో పిండిపదార్థం 120 గ్రాములకు పైనే. రోజుకు రెండుసార్లు మా పరీక్షకన్నా పెద్ద పరీక్షను ఆమె క్లోమం రాస్తోందని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి సంగటి తింటే సరిపోతుందా సార్" అని అడిగారు.

ఈ ప్రశ్న మా ప్రాంతంలో ప్రతి రోగీ అడుగుతాడు. రాగుల్లో పీచు, కాల్షియం ఎక్కువే. అయితే సంగటి అంటే ఉడుకుతున్న బియ్యంలో రాగిపిండి పోసి, కట్టెతో కెలికి ముద్ద చేసేది. అందులో బియ్యం సగం ఉండవచ్చు. మెత్తగా విసిరిన పిండి త్వరగా అరుగుతుంది. పలుచటి రాగిజావ మరీ త్వరగా షుగరును పెంచుతుంది. చిన్న ముద్ద, దాని పక్కన గిన్నెడు పప్పో ఉలవచారో ఆకుకూరో ఉంటే మంచిదే. రాగి గనుక ఎంతైనా తినవచ్చని రెండు ముద్దలు తింటే అన్నానికీ దానికీ తేడా ఉండదు.

అన్నం మానమని చెప్పలేదు. అలా చెబితే పది రోజులు మానేసి పదకొండో రోజు మామూలుకు వస్తారని అనుభవం మీద తెలుసు. పూటకు అరగ్లాసుకు తగ్గించి, ఆ ఖాళీలో పప్పు, గుడ్డు, అలసందలు, చలికాలంలో అనప గింజలు, కూరలు పెట్టించాము. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత కలుపుకోమన్నాను. అదే తిండిని ఆ వరుసలో తిన్నా షుగరు తక్కువగా పెరుగుతుంది. రాత్రి భోజనం ఎనిమిదిలోపు. కాఫీలో చక్కెర వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకున్నారు. శనివారం వేంకటేశ్వర స్వామికి ఒక్కపొద్దు ఉంటారు. ఒంటిపూట ఉన్నాను గదా అని ఆ రాత్రి ఉప్మా, పాయసం కడుపునిండా తినేవారు. ఒక్కపొద్దు మానవలసిన పనేమీ లేదు. ఉపవాసం విడిచేటప్పుడు ముందు పెసల గుగ్గిళ్లు, మజ్జిగ తీసుకోమన్నాను. ఆమె వాడబోయే మెట్‌ఫార్మిన్ అనే మధుమేహ మాత్ర ఒక్కటే వాడేవారికి ఉపవాసంలో షుగరు పడిపోయే భయం దాదాపు లేదు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారి సంగతి వేరు, వారు వైద్యుణ్ణి అడగకుండా పస్తు ఉండకూడదు.

కదలిక విషయంలో దారి ఆమే చూపించారు. ఆరేళ్ల కిందటి దాకా కాలితో తొక్కే మిషను. పని పెరిగాక మోటారు పెట్టించుకున్నారు. నలుపు ఎప్పటినుంచి అంటే అప్పుడప్పుడే మొదలైందని లెక్కగట్టి చెప్పారు. మోటారు వల్లే జబ్బు వచ్చిందని నేననను. రోజుకు ఆరేడు గంటలు కదిలే కాళ్లు ఒక్కసారి ఆగిపోయాయన్నది మాత్రం నిజం. కండరం ముడుచుకున్నప్పుడు గ్లూకోజ్‌ను లోపలికి తీసుకునే గ్లూట్-4 అనే వాహకాలు ఇన్సులిన్ పిలుపు లేకుండానే కణం పైపొరకు చేరుకుంటాయి. ఇన్సులిన్ మాట వినని కండరం కూడా కదలిక మాట వింటుంది. వ్యాయామం చేసే మేలులో బరువు తగ్గడం ఒక భాగమే. ఈ వాహకాలు తిన్నాక పావుగంట నడిచినా పనిచేస్తాయి. ఆమె ఉదయం పూట మోటారు బెల్టు తీసేసి రెండు గంటలు తొక్కడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం, రాత్రి భోంచేసిన వెంటనే పావుగంట వీధి చివరిదాకా నడక. రోజూ రెండు విడతలు కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోవడం. పదకొండుకల్లా మిషను మూత పెట్టడం. ఈ చివరిది అన్నిటికన్నా కష్టమైంది. బట్టలు అందలేదని గొడవపడేవాళ్లు ఉంటారు గదా. గిరాకీకి ఇచ్చే గడువును రెండు రోజులు పెంచి దాన్నీ సాధించారు.

మందులు మూడే. మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రాత్రి భోజనం తర్వాత, రెండు వారాలకు రెండు పూటలా. ఇనుము మాత్ర పరగడుపున, ఆ తర్వాత గంటదాకా కాఫీ, టీ లేకుండా. నెలసరి క్రమం కోసం స్త్రీల వైద్యురాలు ఇచ్చిన ప్రొజెస్టిరాన్ మాత్రలు కొన్నాళ్లు. రెండేసి నెలలు నెలసరి రాకుండా ఉంటే గర్భాశయపు లోపలి పొర మందమై ముందుముందు కేన్సరుకు దారితీసే ప్రమాదం ఉంది గనుక ఆ పొర మందాన్నీ కొలిపించాము. ముందుదశలోనే మెట్‌ఫార్మిన్ ఎందుకని అడిగేవారుంటారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మంది మీద చేసి 2006లో ప్రకటించిన పరిశోధనలో ఏ చికిత్సా లేనివారిలో మూడేళ్లలో 55 శాతం మంది మధుమేహులయ్యారు. తిండి, నడక మార్చుకున్నవారిలో ఆ ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ చిన్న మోతాదుతో 26.4 శాతం తగ్గింది, రెండూ కలిపినా అదనపు లాభం కనబడలేదు. అందుచేత ముందుదశలో అందరికీ మాత్ర రాయను. గర్భంలో షుగరు వచ్చిన స్త్రీలకు మాత్రం ఆ మాత్ర బాగా పనిచేస్తుందని అమెరికాలో జరిగిన మధుమేహ నివారణ పరిశోధన చూపింది. వారిలో ముప్పు దాదాపు సగానికి తగ్గింది. ఈమెకు అదీ ఉంది, అండాశయాల ఇబ్బందీ ఉంది. ఏళ్లు వాడితే బీ12 తగ్గవచ్చు గనుక ఏటా చూస్తాను.

నాలుగో నెల

మూడు నెలలు బాగా నడిచింది. జూన్‌లో వచ్చినప్పుడు పరగడుపు షుగరు 118, బరువు కిలోన్నర పెరిగింది. నన్ను చూడగానే "బేనీషా కాయలు తిన్నాను సార్, మా చెట్టువే" అని తప్పు ఒప్పుకున్నట్టు చెప్పారు. మామిడికాయలతో పరగడుపు షుగరు ఇంత పెరగడం నాకు నమ్మశక్యం కాలేదు. ముఖం కాస్త ఉబ్బినట్టుంది. అడగగా అడగగా నడుము నొప్పికి ఊళ్లో మందులిచ్చే ఒకరి దగ్గర మూడు వారాలుగా మాత్రలు వాడుతున్నట్టు తెలిసింది. చీటీ లేదు, పేరు లేదు. కాగితం పొట్లంలో కట్టి ఇచ్చారు. ఆమె పొట్లం తెస్తే అందులో చిన్న తెల్ల మాత్రలున్నాయి. నొప్పి ఒక్క రోజులో మాయమవడం, ఆకలి విపరీతంగా పెరగడం, ముఖం ఉబ్బడం చూసి అవి స్టెరాయిడ్లేనని నిర్ణయించాను. స్టెరాయిడ్లు కాలేయంతో గ్లూకోజ్ తయారుచేయించి, కండరాన్ని ఇన్సులిన్‌కు మరింత చెవిటిని చేస్తాయి. మూడు వారాలు వాడినవాటిని ఒక్కసారి ఆపితే ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి వెంటనే తేరుకోలేకపోవచ్చు గనుక తెలిసిన మోతాదులో రాసిచ్చి పది రోజుల్లో తగ్గిస్తూ ఆపించాను. వంగి కూర్చుని కుట్టడం వల్ల వచ్చిన నొప్పికి మిషను ఎత్తు పెంచి, వీపుకు ఆనుడు పెడితే తగ్గింది. చేయవలసింది అంతే.

ఇన్సులిన్ నిరోధకత ఉన్నవారికి ఎవరైనా పేరు లేని మాత్ర ఇస్తే అది ఏమిటో తెలుసుకోనిదే మింగకూడదు. ఈ మాటను ఇప్పుడు ప్రతి చీటీ వెనుకా రాస్తున్నాను.

ఆగస్టులో, అంటే ఆరు నెలలకు, బరువు 56.4 కిలోలు, నడుము 84 సెం.మీ. రక్తపోటు 124/80, మందు లేకుండానే. పరగడుపు షుగరు 91, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 134. హిమోగ్లోబిన్ 12.1కి చేరింది, హెచ్‌బీఏ1సీ 5.6, ఇప్పుడు ఆ అంకెను నమ్మవచ్చు. ట్రైగ్లిజరైడ్లు 148, హెచ్‌డీఎల్ 41. ఏఎల్‌టీ 31. నెలసరి 34 నుంచి 38 రోజులకు వస్తోంది, నాలుగైదు రోజుల్లో ఆగుతోంది. నడుము ఇంకా 80కి రాలేదు, ట్రైగ్లిజరైడ్ల భాగహారం ఇంకా మూడున్నర దగ్గరే ఉంది. బరువులో ఏడున్నర శాతం తగ్గడానికే ఇంత మార్పు ఎందుకంటే, మొదట కరిగేది కాలేయంలోని కొవ్వు. మెడ నలుపు పలుచబడింది, పూర్తిగా పోలేదు. అది పోవడానికి ఏడాది పైనే పట్టవచ్చనీ, కొందరిలో జాడ మిగిలిపోతుందనీ ముందే చెప్పి ఉంచాను. సున్నిపిండి పెట్టి రుద్దడం మాత్రం మానేశారు.

అక్టోబరులో అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి మొక్కు తీర్చుకున్నారు. ఏడాదికోసారి ఎక్కే మెట్లకన్నా రోజూ నడిచే పావుగంటే ఎక్కువ పని చేస్తుందని చెప్పాను. "రెండూ చేస్తా సార్" అన్నారు.

ఆ మధ్య 14 ఏళ్ల కూతుర్ని వెంటబెట్టుకొచ్చారు. అమ్మాయి మెడ వెనుక సన్నటి నలుపు గీతలు అప్పుడే మొదలయ్యాయి. షుగరు, ట్రైగ్లిజరైడ్లు బాగానే ఉన్నాయి. మందేమీ ఇవ్వలేదు. స్కూలు నుంచి వచ్చాక కూల్‌డ్రింకు మాని సైకిలు తొక్కమన్నాను, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నాను. మెడ సంగతి తోటి పిల్లల ముందు ఎత్తవద్దని తల్లికి విడిగా చెప్పాను.

జాకెట్టు కొలతలు తీసుకునేటప్పుడు మెడ వెనుక భాగం టైలరుకు కనిపించినంతగా వైద్యుడికి కనిపించదు. ఈ ఏడాదిలో "టైలరమ్మ పంపించింది" అంటూ ముగ్గురు స్త్రీలు వచ్చారు. ఒకరికి గ్లూకోజ్ తాగాక 212 వచ్చింది. మరో రోజు మళ్లీ చేయించినా 200కి పైనే ఉంది, చికిత్స మొదలుపెట్టాము. ఒకరికి నడుము, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నాయి, షుగరు లేదు. ఆమెకూ అరగ్లాసు బియ్యం, భోజనం తర్వాత నడకే రాశాను. మూడో ఆమె మెడ నలుపు గిల్టు గొలుసు పడక వచ్చిన మచ్చ. గొలుసు తీసేయమని చెప్పి పంపాను.